లేని రోగానికి మొక్కు

“జల్ది తయారుగా బిడ్డా. ఎండ ముదరకముందే కొత్తకోట దవాఖానకు పోయి రక్తం ఇచ్చొద్దాం,” అన్నాడు బీరన్న, కూతురి మొహం చూడకుండా.

సుస్మిత జడ సగం అల్లి అక్కడే ఆపేసింది.

“దానికేమైందని రక్తం ఇస్తది?” పొయ్యి దగ్గరినుంచి గుర్వమ్మ గొంతు లేచింది. “రాయి అసొంటి పిల్ల. పుట్టినకాడి సంది జెరమొచ్చి పండుకున్నది నేను జూడలే.”

“నాకు జెప్తవేందే? కోస్గి వియ్యంకునికి, మల్లన్న బావకు జెప్పు. ఫోన్ల ఏమన్నడో ఇన్నవా? ‘మీ పిలగానికి కార్జం కరాబైందట. రెండేండ్ల సంది కామెర్లు తగ్గుతలేవట. గది మాకు జెప్పకుంట పూలుపండ్లు పెట్టుకుంటరా బావా?’ అన్నడు. అన్నకున్న రోగం చెల్లెకు లేదని ఏం నమ్మకమన్నడు. ఇగ నాకు నోరేడిది?”

“గట్లని ఆడపిల్లను దవాఖానకు ఈడ్సుకపోతవా? పెండ్లి కాకముందే దాని పెయ్యి పరీచ్చ జేపిస్తవా?”

“నేను జేపిస్తున్ననా? వాళ్ళు జేపిస్తుండ్రు. పగటీలి వస్తమన్నరు. రక్తం మంచిగుందని అప్పటికి ఒక మాట నా చేతిల ఉండాలె. లేకుంటే సంబంధం పాయె. ఊర్ల ఇజ్జత్ గూడ పాయె.”

అరుగు మీద కూర్చున్న గిరి చేతిలో గ్లాసుంది. గ్లాసులో మేకపాలు, పాలలో నూరి కలిపిన నేల ఉసిరి పసరు. షాద్‌నగర్ కంపెనీలో పనికి సెలవు దొరికి ఇంటికొచ్చిన ప్రతి పొద్దునా, పళ్ళు తోముకుని మొహం తుడుచుకునేలోపు, ఈ గ్లాసు అతని చేతికొస్తుంది. కామెర్లకు అంతకు మించిన మందు లేదని గుర్వమ్మ నమ్మకం. చేదుకు గిరి మొహం వంకర్లు పోతుంటే, ఎదురుగా నిలబడి ఆఖరి చుక్క దాకా తాగిస్తుంది.

ఇంతకీ గిరికి కామెర్లు లేవు. ఎన్నడూ లేవు. ఆ సంగతి ఆ ఇంట్లో అతనొక్కడికే తెలుసు.

మొన్న చెల్లెలి నిశ్చితార్థం, పూలుపండ్ల నాడు జరిగింది తలుచుకుంటే అతనికి ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. ముంత నిండా ఈతకల్లు. ముందు కొంచెం నేల మీద పోసి కులదేవుడు బీరప్పకు సాక ఇచ్చారు. ఆ తర్వాత పెళ్ళికొడుకు మల్లికార్జున్ తాగి, అదే ముంతను పిల్ల అన్న చేతికిచ్చాడు. వాళ్ళ కులంలో మాట ఖాయం చేసుకునేది అట్లాగే. ఒకే ముంతలో ఇద్దరూ తాగాలి. గిరి ముంత అందుకున్నాడు, పెదవుల దాకా తెచ్చాడు, దించేశాడు. “కార్జం మంచిగ లేదు మామా, డాక్టరు వద్దన్నడు,” అన్నాడు. అతని వంతు పెదనాన్న కొడుకెవరో తాగేశాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు పిచ్చివాడు. ఆ మాట కోస్గి చేరేలోపు కాళ్ళూ చేతులూ మొలిచి, ఇవాళ పిల్ల రక్తం అడుగుతోంది.

“తాగు కొడుకా. చల్లారితే ఇంక చేదైతది,” అంది గుర్వమ్మ.

గిరి తాగేశాడు. ఇవాళ చేదు తెలియలేదు.

బీరన్న ఆటో మాట్లాడడానికి వీధిలోకి వెళ్ళగానే, గిరి చెల్లెలిని వెతుక్కుంటూ ఇంటి వెనక్కి నడిచాడు. గొర్లు అప్పటికే మేతకు పోయాయి. కుంటికాలు గొర్రెపిల్ల ఒకటి మాత్రం దొడ్డిలో ఉంది. సుస్మిత దాని ముందు రెమ్మ పట్టుకుని కూర్చుని ఉంది.

“నువ్వు రక్తం ఇయ్యొద్దు,” అన్నాడు గిరి.

“ఎందుకియ్యొద్దు? ఇస్తేనన్న వాళ్ళకు శాంతమైతదేమో.”

“నాకు కామెర్లు లేవు చెల్లె.”

సుస్మిత రెమ్మ కింద పడేసింది. పిల్ల తినేదాకా ఆగి, అప్పుడు తలెత్తింది.

“మరి?”

“చర్చిల గలిసిన. రెండేండ్లు దాటింది. నీళ్ళల్ల ముంచి బాప్తిస్మం ఇచ్చిండ్రు. కల్లు, సారా, బీడి, ఛాయ్, కాఫీ ముట్టనని దేవునికి మాటిచ్చిన.”

“ఛాయ్ గూడనా? ఛాయేం పాపం జేసిందన్నా?”

ఇంకో రోజైతే గిరికి నవ్వొచ్చేది. “పాపమని గాదు. దేవుడిచ్చిన పెయ్యిని మంచిగ జూసుకొమ్మని ఒక కట్టుబాటు. గది పట్టుకుంటనని మాటిస్తేనే లోపటికి రానిస్తరు. వారం వారం రొట్టె ముక్క, నీళ్ళు తీసుకుంటం. తీసుకున్నప్పుడల్లా ఆ మాట మళ్ళొకపారి ఇచ్చినట్టే.”

“మా దోస్తు ప్రణీత వాళ్ళు గూడ చర్చికి పోతరు. పొద్దంత ఛాయే తాగుతది అది.”

“మాది వేరే సంఘం. యేసునే నమ్ముతం. బైబిల్ గాక ఇంకో గ్రంథం గూడ ఉంటది మాకు. జనం మోర్మన్లంటరు.”

“మీ పాస్టరు జెప్పిండా, ఇంట్ల గిట్ల అబద్ధం జెప్పుమని?”

“అయ్యో, లేదు. మాకు జీతం దీసుకునే పాస్టర్లే ఉండరు. వెంకటేష్ బ్రదర్ అని కరెంటు పని జేస్తడు, ఆయనే మాకు పెద్ద. బాప్తిస్మానికి ముందే అడిగిండు, ‘ఇంట్ల ఎరుకనా గిరీ’ అని. ఎరుకే అన్న.”

“ఆడ గూడ అబద్ధమేనా?” అంది సుస్మిత. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

గిరి దొడ్డి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? మొదటిసారి బీరప్ప పండుగ నాడు, నలుగురి ముందు తండ్రి ముంత చాపినప్పుడు, ‘డాక్టరు వద్దన్నడు’ అని నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఆ ఒక్కపూట గడిస్తే చాలనుకున్నాడు. ఆ తర్వాత ఏ రోగమని తల్లి అడిగింది. కామెర్లన్నాడు. తగ్గిందా అని అడిగింది. తగ్గిందంటే మళ్ళీ ముంత వస్తుంది. తగ్గలేదన్నాడు. అట్లా రెండేళ్ళు తగ్గని రోగం ఒకటి మోసుకుతిరిగాడు. ప్రతి ఆదివారం షాద్‌నగర్‌లో బస్సెక్కి పట్నంలో సభకు పోయి, అబద్ధమాడరాదని పాఠం వినేవాడు కూడా అతనే. మొన్న ఆదివారం రొట్టె పళ్ళెం తన ముందుకొచ్చినప్పుడు చెయ్యి లేవలేదు. తీసుకోకుండానే పక్కవాళ్ళకు అందించాడు.

“అమ్మకు జెప్త,” అన్నాడు చివరికి. “ఇప్పుడే జెప్త. వాళ్ళొచ్చే లోపట జెప్త. అమ్మ అర్థం జేసుకుంటది సుస్మితా. అమ్మ గూడ ఛాయ్ మానేసింది గదా? ఎవ్వలు జెప్పకుంటనే మానేసింది. దేవుడే ఆమె మనసు…”

“ఆగన్నా.” సుస్మిత లేచి నిలబడింది. “అమ్మ ఛాయ్ ఎందుకు మానిందో నీకెరుకనా?”

గిరి కర్ర మీది చెయ్యి తీశాడు.

“నీకోసం. నీ కార్జం బాగయ్యేదాక ఛాయ్ ముట్టనని బీరప్పకు మొక్కుకున్నది. నీకు ఇష్టమైంది నువ్వు తాగుతలేవు, నేనెట్ల తాగాల్నన్నది. మొక్కు బయట పెడ్తే పలించదని నీకు జెప్పనియ్యలే. మొదట్ల తలనొప్పితోని గోడకు తల గుద్దుకున్నదన్నా. నేను గిలాస తెచ్చి ఇస్తే కొట్టొచ్చింది.”

గుర్వమ్మకు ఛాయంటే ఎంత ప్రాణమో ఊరందరికీ తెలుసు. కోడి కూయకముందే పొయ్యి రాజేసి, రొట్టె ముక్క ముంచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా తాగే ఆ గ్లాసుడు ఛాయే ఆమెకు రోజంతటిలో తనదంటూ ఉన్న సుఖం. అది పోయింది. కొడుక్కు లేని రోగం కోసం పోయింది.

అదొక్కటే అయితే గిరి ఎట్లాగో తట్టుకునేవాడేమో. అతనికి ఇంకొకటి గుర్తొచ్చింది. కిందటేడు ఒక ఉపవాస ఆదివారం. నెలకొకసారి ఆ రోజున సభలో ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్ళు ముందుకు వెళ్ళి తమ సాక్ష్యం చెబుతారు. గిరి వెళ్ళాడు. మా అమ్మకు ఈ సంఘం సంగతే తెలియదు, అయినా తనంతట తాను ఛాయ్ మానేసింది, ప్రభువు మా ఇంటి తలుపు తెరుస్తున్నాడు అని చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. వెంకటేష్ బ్రదర్ కళ్ళు తుడుచుకున్నాడు. సభ ముగిశాక అందరూ వచ్చి చెయ్యి కలిపారు.

గిరి నేల చూశాడు, తన చెప్పులు చూసుకున్నాడు, చెల్లెలి మొహం మాత్రం చూడలేకపోయాడు. ఇంత సిగ్గు మనిషికి ఉంటుందని అతనికి అంతవరకు తెలియదు.

“నువ్వు ఏ దేవుణ్ణన్న మొక్కు అన్నా,” అంది సుస్మిత. “నాకు ఫికర్ లేదు. అమ్మకు జెప్పు, చాలు.”

అతను లోపలికి అడుగు వేసేసరికి వీధిలో ఆటో ఆగింది. తండ్రి తెచ్చిన ఆటో కాదు. పగటికి వస్తామన్న వాళ్ళు పొద్దున్నే దిగారు. వియ్యంకుడు కావలసిన మల్లన్న, ఆయన భార్య బిక్షమ్మ. వెనకాలే బీరన్న, చెయ్యని తప్పు మోస్తున్నవాడిలా వంగి నడుచుకుంటూ వస్తున్నాడు.

“దవాఖానకు మేం గూడ వస్తం బావా. మీరు పోయి మీరే జెప్తే ఏం బాగుంటది?” అన్నాడు మల్లన్న మంచం మీద కూర్చుంటూ.

గుర్వమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. బిక్షమ్మ తీసుకోలేదు. ఆ ఇంట్లో నీళ్ళు తాగితే రోగం అంటుకుంటుందనుకుందో ఏమో, చెంబు వంక చూసి, “ఇప్పుడే తాగినం వదినె,” అంది. గుర్వమ్మ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది.

తల్లిని పక్కకు పిలిచి చెప్పే వేళ దాటిపోయింది. ఇంకో నిమిషం ఆగితే తనకు నోరు రాదని గిరికి తెలుసు.

“సుస్మితను దవాఖానకు కొంటవోవుడు వద్దు మామా. నాకు ఏ రోగం లేదు,” అన్నాడు.

“ఏందీ?” అన్నాడు బీరన్న.

గిరి చెప్పాడు. చెల్లెలికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పలేకపోయాడు. చర్చి, బాప్తిస్మం, మాట, ముంత, డాక్టరు, అన్నీ ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వచ్చాయి. చెబుతున్నంతసేపూ బీరన్న తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నాడు, విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నాడు.

“బీరప్ప పేరు పెట్టుకున్నోని కడుపుల పుట్టి,” అన్నాడు ఆఖరికి.

గుర్వమ్మ ఏడవలేదు. అరుగు మీద ఖాళీ గ్లాసు ఉంది. అంచున ఆకుపచ్చగా పసరు ఎండుతోంది. ఆమె దానివంక చూసి, కొడుకువంక చూసి, ఒక్కటే అడిగింది.

“మరి గా మందు ఎందుకు తాగినవ్ కొడుకా?”

“నువ్విచ్చినవని తాగిన,” అన్నాడు గిరి.

ఆమె తల ఊపింది. ఏది అర్థమై ఊపిందో ఎవరికీ తెలియదు.

బిక్షమ్మకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. కదిలి కూర్చుంది. “గీ మోర్మనోళ్ళు ఇద్దరు ముగ్గురు పెండ్లాలను జేసుకుంటరట గద? మా చెల్లె కొడుకు ఫోన్ల జూపెట్టిండు ఒకపారి.”

“గది ఎన్నటిదో ముచ్చట అత్తా. నూరేండ్ల కింద్నే బంద్ జేసిండ్రు. ఇప్పుడెవలన్న అట్ల జేస్తే సంఘంలకెల్లి ఎల్లగొడ్తరు.”

“చెల్లె పెండ్లిల పీటల కాడ కూసుంటవా? బీరప్ప బండారి పసుపు నొసట పెట్టుకుంటవా?”

“అన్నగ ఏమేం జెయ్యాల్నో అన్ని జేస్త. కాళ్ళు గడుగుత, పల్లకి మోస్త. మొక్కను. కల్లు ముట్టను. గంతే.”

“గంతేనంట,” అంది బిక్షమ్మ భర్తతో.

మల్లన్న ఇంతసేపూ గడ్డం గోక్కుంటూ విన్నాడు. చెడ్డమనిషి కాడు. కోస్గి సంతలో గొర్రె పళ్ళు చూసి వయసు చెప్పే మనిషి. మనుషుల నోళ్ళు కూడా అట్లాగే చూస్తాడు.

“రోగం లేదంటవ్. మంచిదే. అయితే ఒక్క గుక్క తాగు. ఎవల ముంగట గాదు, మా ఇద్దరి ముంగట. నేను నమ్మి లేసిపోత.”

“తాగలేను మామా. మాటిచ్చిన.”

“నా కొడుకు గూడ ఇచ్చిండు గద మాట? గా ముంతల తాగి ఇచ్చిండు. గది మాట గాదా?”

వెంకటేష్ బ్రదర్ ఏ పాఠంలోనూ ఈ ప్రశ్న చెప్పలేదు.

“పోనీ నన్ను దవాఖానకు కొంటవోండ్రి. నా రక్తం జూపియ్యుండ్రి,” అన్నాడు గిరి.

“నీ రక్తమా?” మల్లన్న మెల్లగా నవ్వాడు, నవ్వులో వెటకారం లేదు. “నువ్వు షాద్‌నగర్ల ఉంటవ్. నీకు ఏ డాక్టరు దోస్తో, నువ్వేం జెప్పిస్తవో మాకేమెరుక? కల్లు తాగితే కార్జం పగుల్తదన్న భయానికి గీ చర్చి కత అల్లినవేమో. మొన్నటిదాక రోగమున్నదంటివి. ఇయ్యాల లేదంటున్నవ్. రెండిట్ల ఒకటి అబద్ధం. ఏదని నేను పట్టుకోవాలె? కన్నతల్లి చేతుల పసరు తాగుకుంట రెండేండ్లు అబద్ధమాడినోడివి, మాకు అబద్ధం జెప్పుడెంత నీకు?”

బీరన్న గోడకు ఆనుకున్నాడు. లోపల తలుపు చాటున సుస్మిత గాజులు ఒకసారి చప్పుడై ఆగిపోయాయి.

గిరి అప్పుడు గ్రహించాడు. జీవితంలో మొదటిసారి ఆ వాకిట్లో పూర్తి నిజం చెప్పాడు. అది చెల్లుబాటు కావడం లేదు. చెల్లకుండా చేసింది ఎవరో కాదు.

మల్లన్న కండువా సర్దుకుని గుర్వమ్మ వైపు తిరిగాడు.

“చెల్లె, నువ్వు జెప్పు. నీ నోట్లకెల్లి అబద్ధం రాదని మా కోస్గి దాంక ఎరుకే. పిల్ల మంచిగున్నది, మాకు ఇష్టమున్నది. నువ్వు ఒక్క మాట అను, నీ కొడుకు జెప్పేది నిజమని. రక్తం వద్దు, దవాఖాన వద్దు, ముంత గూడ వద్దు. లగ్గం పెట్టుకుంటం. ఇగ అడుగను.”

అంతా గుర్వమ్మ వైపు చూశారు. బిక్షమ్మ కూడా చూసింది. గిరి తల్లి కళ్ళలోకి చూశాడు, పొద్దుటి నుంచి చూడలేకపోయిన కళ్ళలోకి. ఒక్క మాట అమ్మా, అని లోపల లోపల వేడుకున్నాడు. ఏ దేవుణ్ణి వేడుకున్నాడో అతనికే తెలియదు.

గుర్వమ్మ చేతిలో చెంబు అట్లాగే ఉంది. కొడుకు మొహాన్ని చూసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఎట్లా చూసేదో అట్లా, నుదురూ కళ్ళూ పెదవులూ విడివిడిగా చూసింది.

“మొన్న అడిగితే జెప్తుంటి అన్నా,” అంది. “నా కొడుకు మాట నా మాటేనని, బీరప్ప మీద చెయ్యేసి జెప్తుంటి.”

“ఇప్పుడు జెప్పు చెల్లె.”

“ఇప్పుడు నాకెరుక లేదు,” అంది గుర్వమ్మ. “వాని మాట నిజమో కాదో నాకెరుక లేదన్నా.”

చెంబు అరుగు మీద పెట్టి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మల్లన్న ఒక కాలికి చెప్పు వేసుకున్నాడు. రెండోది వేసుకోకుండా అట్లాగే నిలబడ్డాడు.